సర్కారు వకీలు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారు

పండుగ సంచిక అనగానే మనవాళ్ళు తలచుకొనే మహనీయులలో జైలుకు వెళ్ళినవారే ఎక్కువ. టంగుటూరి ప్రకాశం పంతులుగారు వేలకు వేలు తెచ్చిపెట్టే వకీలు పని వదులుకొని ఉద్యమంలోకి దిగారు. దుర్గాబాయి గారు చిన్న వయసులోనే చెరసాల చూశారు. వారందరూ పూజ్యులే. ఈసారి మేము ఎన్నుకొన్న వ్యక్తి మాత్రం జైలుకు వెళ్ళలేదు, కోర్టు గౌను విప్పలేదు. పైగా పదిహేనేళ్ళపాటు ఇంగ్లీషువారి పాలనలోని మదరాసు ప్రభుత్వానికి పెద్ద వకీలుగా పనిచేశారు. ఆ ప్రభుత్వం ఇచ్చిన బిరుదులు పుచ్చుకొన్నారు. అయినా స్వతంత్ర భారతానికి రాజ్యాంగం రాయవలసి వచ్చినప్పుడు, జైళ్ళనుంచి వచ్చిన నాయకులే ఆయనను పిలిచి పెద్దపీట వేశారు. ఇది ఎలా జరిగింది, ఆ పీట మీద కూర్చొని ఆయన ఏమి చేశారు అన్నది మన పిల్లలకు చెప్పాలని మా కోరిక. ఆయన చేసిన పనిలో ఒక భాగం సముద్రం దాటి వచ్చిన మన తాతల దాకా తగులుతుంది. సాయంకాలపు తరగతిలో నేర్చుకొన్న తెలుగుతో రాస్తున్నాము గనుక మాటలు తేలికగానే ఉంచాము.

శ్రీ అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారు 1883 మే 14న నెల్లూరు జిల్లా పుదూరు గ్రామంలో జన్మించారు. తండ్రి ఏకామ్రశాస్త్రిగారు పౌరోహిత్యం చేసేవారు. "అయ్యర్" అన్న మాట చూసి కొందరు ఈయన తెలుగువాడా అని అడుగుతారు. నెల్లూరు సీమ తెలుగు, అరవం కలిసి పారే చోటు. ఆయన పుట్టింది తెలుగు నేల మీద, జీవితమంతా గడిపింది మదరాసు మైలాపూరులో. ఇరుపక్కలవారూ మావాడంటే మావాడని చెప్పుకొంటారు. బెడోక్‌లో లిఫ్టు దగ్గర కలిసే ఇరుగుపొరుగువారు మనల్ని అందరినీ కలిపి తమిళులనే అనుకొంటారు కదా, ఆ ముచ్చట మనకు కొత్త కాదు.

పురోహితుని కొడుకు 1899లో మెట్రిక్యులేషన్ ప్యాసై, మదరాసు క్రిస్టియన్ కాలేజీలో చరిత్ర చదివారు. ఆ చదువుతోపాటు తీరిక వేళల్లో న్యాయశాస్త్రం తరగతులకు వెళ్ళి బి.ఎల్. పట్టా సంపాదించారు. అటుతర్వాత మదరాసు హైకోర్టు బారులో అనతికాలంలోనే మొదటి వరుసకు చేరుకొన్నారు. వెనక ఆస్తి గాని, వకీళ్ళ వంశం గాని లేని మనిషి అలా పైకి రావడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. 1929లో ఆయనను మదరాసు రాజధానికి అడ్వొకేట్ జనరల్‌గా నియమించారు. 1944 దాకా ఆ పదవిలో ఉన్నారు. 1930లో దివాన్ బహదూర్, 1932లో సర్ బిరుదులు వచ్చాయి.

ఈ అడ్వొకేట్ జనరల్ పదవి ఏమిటో పిల్లలకు కొంచెం వివరించాలి. ప్రభుత్వం ఒక చట్టం చేయబోతే అది చెల్లుతుందా చెల్లదా అని ముందుగా అడిగేది ఈయననే. ఎవరైనా ప్రభుత్వం మీద దావా వేస్తే ప్రభుత్వం తరఫున లేచి మాట్లాడేదీ ఈయనే. అమెరికాలో 43 రాష్ట్రాలలో ఇటువంటి అధికారిని ప్రజలే ఓటు వేసి ఎన్నుకొంటారు. భారతదేశంలో అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అప్పుడు గవర్నరే నియమించేవాడు, ఇప్పుడూ గవర్నరు పేరనే నియామకం జరుగుతుంది. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం ప్రకారం ఈ అధికారి శాసనసభలో కూర్చోవచ్చు, లేచి మాట్లాడవచ్చు, ఓటు మాత్రం వేయరాదు. ఈ ఏర్పాటు స్వతంత్రం వచ్చాక కూడా అలాగే నిలిచింది. మన సింగపూరులోనూ స్వపరిపాలన వచ్చిన 1959లో ఈ పదవిని స్టేట్ అడ్వొకేట్ జనరల్ అనే పిలిచారు. ఇక్కడా అది నియామకమే.

ఆ పదిహేనేళ్ళలో మదరాసులో ప్రభుత్వాలు ఎన్ని మారాయో చూడండి. మొదట జస్టిస్ పార్టీ కాలం, 1937 నుంచి 1939 దాకా రాజాజీ గారి కాంగ్రెసు మంత్రివర్గం, యుద్ధం రాగానే మంత్రివర్గం రాజీనామా, తర్వాత గవర్నరు పాలన. కుర్చీలలో మనుషులు మారారు, అల్లాడి వారు మారలేదు. దీన్ని అవకాశవాదమని అనేవారు అనవచ్చు. మేము అలా అనుకోము. వకీలుకు కక్షిదారు ముఖ్యం. కక్షిదారు ఎవరైనా చట్టం ఏం చెబుతోందో ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆయన సలహా ఒక పార్టీకి ఒక విధంగా, మరొక పార్టీకి ఇంకొక విధంగా ఉండదన్న నమ్మకం లేకపోతే, ఒకరినొకరు ద్వేషించుకొనే మంత్రివర్గాలు ఆయననే ఉంచుకొని ఉండేవి కావు. అయితే ఇందులో ఒక చిక్కు కూడా ఉంది, దాని మాట తర్వాత.

కోర్టు పనితోపాటు చట్టాలు రాసే పని కూడా అప్పుడే అలవడింది. 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం, 1932 నాటి భాగస్వామ్య చట్టం తయారుచేయడానికి భారత ప్రభుత్వం నలుగురు నిపుణులతో ఒక సంఘం వేసింది. బ్రజేంద్రలాల్ మిత్తర్, దిన్షా ముల్లా, ఆర్థర్ ఎగ్గర్ గార్లతోపాటు అల్లాడి వారు అందులో ఉన్నారు. ఆ రెండు చట్టాలు ఇవాళ్టికీ భారతదేశంలో అమలులో ఉన్నాయి. కిరాణా దుకాణంవాడు మూట బియ్యం అమ్మినా, ఇద్దరు స్నేహితులు కలిసి మిల్లు పెట్టినా వాటికిందికే వస్తారు.

ఆయన అడ్వొకేట్ జనరల్‌గా ఉన్న రోజుల్లోనే మదరాసు ప్రభుత్వం 1939లో అమ్మకపు పన్ను పెట్టింది. వేరుసెనగ నూనె, పిండి తయారుచేసి అమ్మే బొడ్డు పైడన్న అండ్ సన్స్ అనే మన తెలుగు వర్తకులు ఎదురు తిరిగారు. సరుకు తయారీ మీద సుంకం వేసే హక్కు కేంద్రానిది గదా, తయారుచేసినవాడు చేసే మొదటి అమ్మకం మీద రాష్ట్రం పన్ను ఎలా వేస్తుందని వారి వాదం. కేసు ఢిల్లీలోని ఫెడరల్ కోర్టు దాకా వెళ్ళింది. 1942లో ప్రభుత్వం గెలిచింది. సరుకు తయారైనందుకు వేసే సుంకం వేరు, అమ్మినందుకు వేసే పన్ను వేరు అని కోర్టు తేల్చింది. రాష్ట్రాల ఖజానాలు ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలు ఈ పన్ను మీదే నడిచాయి. ఇక్కడ మనం 1994 నుంచి జి.ఎస్.టి. కడుతున్నాము కనుక పైడన్నగారి బాధ మనకు అర్థమవుతుంది.

1944లో ఆయన దిగిన కుర్చీలో పి.వి. రాజమన్నార్ గారు కూర్చున్నారు. తర్వాత మదరాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన ఆయన తెలుగులో నాటకాలు రాసిన మనిషి. ఆయన కథ ఇంకొక సంచికకు పనికివస్తుంది.

అల్లాడి వారికి అప్పటికి అరవయ్యొక్క ఏళ్ళు. ఇంకెవరైనా అయితే మైలాపూరు ఇంట్లో పుస్తకాల మధ్య విశ్రాంతి తీసుకొనేవారు. కాని 1946 జూలైలో రాజ్యాంగ సభకు ఎన్నికలు వచ్చాయి. ప్రజలు నేరుగా వేసిన ఓట్లు కావు అవి. రాష్ట్ర శాసనసభల సభ్యులు ఎన్నుకొన్నారు. మదరాసు వాటా 49 స్థానాలు. కాంగ్రెసువారు తమవారితోపాటు, పార్టీలో లేకపోయినా పనికివచ్చే పండితులను కూడా తమ జాబితాలో పెట్టి గెలిపించారు. అలా నెగ్గినవారిలో అల్లాడి వారు, గోపాలస్వామి అయ్యంగార్ గారు ఉన్నారు. ప్రకాశంగారు, పట్టాభి సీతారామయ్యగారు, రంగాగారు, దుర్గాబాయిగారు కూడా మదరాసు నుంచే ఆ సభకు వెళ్ళారు. శాసనసభలో మాటే గాని ఓటు లేని సర్కారు వకీలు ఎన్నికైన సభ్యుడయ్యారు. ఇప్పుడు ఆయన చేతికి ఓటు వచ్చింది.

సభలో తొమ్మిది సంఘాలలో ఆయన పనిచేశారు. ప్రాథమిక హక్కుల ఉపసంఘం వాటిలో ఒకటి. 1947 ఆగస్టు 29న వేసిన ఏడుగురు సభ్యుల ముసాయిదా సంఘం అన్నిటికంటె ముఖ్యమైనది. దానికి అధ్యక్షులు డాక్టర్ అంబేద్కర్ గారు. మిత్తర్ గారి స్థానంలో తర్వాత వచ్చిన ఎన్. మాధవరావుగారు మన మచిలీపట్నంలో పుట్టినవారే. పని ముగిసిన తర్వాత, 1949 నవంబరు 25న చేసిన ప్రసంగంలో అంబేద్కర్ గారు తనకంటె పెద్దవారు, తనకంటె సమర్థులు ఆ సంఘంలో ఉన్నారని చెబుతూ ఉదాహరణగా పేర్కొన్నది అల్లాడి వారినే. అంబేద్కర్ గారు ముఖస్తుతులు చేసే మనిషి కాదు.

ఇక మన తాతల మాట. రాజ్యాంగంలో పౌరసత్వం గురించిన అధికరణాలు 1949 ఆగస్టులో సభ ముందుకు వచ్చాయి. దేశం రెండు ముక్కలై రెండేళ్ళే అయింది, గాయాలు పచ్చిగా ఉన్నాయి. ఫలానా మతంవారికి పౌరసత్వం సులువుగా ఇవ్వాలి, ఫలానావారికి ఇవ్వకూడదు అని కొందరు గట్టిగా వాదించారు. అల్లాడి వారు లేచి, జాతిని బట్టి గాని మతాన్ని బట్టి గాని మనిషికీ మనిషికీ తేడా చూపడానికి వీలులేదని చెప్పారు. ఆయన మాట తీరులో ఉద్రేకం ఉండదు. కాగితం మీద ఉన్న కట్టుబాట్లను, ప్రపంచానికి ఇచ్చిన మాటను గుర్తుచేసి కూర్చొనే తీరు అది.

ఆ అధికరణాలలో ఎనిమిదవది మనలాంటివారి కోసం పెట్టినది. భారతదేశం వెలుపల కాపురం ఉంటున్న మనిషికి తల్లిదండ్రులలో ఒకరు గాని, తాత అమ్మమ్మ బామ్మలలో ఎవరైనా ఒకరు గాని అవిభక్త భారతదేశంలో పుట్టి ఉంటే చాలు, అతడు ఉన్న దేశంలోని భారత ప్రతినిధి కార్యాలయంలో పేరు నమోదు చేయించుకొని భారత పౌరుడు కావచ్చు. ఒక్క అమ్మమ్మ చాలు! తొమ్మిదవ అధికరణం దీనికి రెండో వైపు: తనంతట తాను పరాయిదేశపు పౌరసత్వం పుచ్చుకొన్నవాడు భారత పౌరుడు కాడు. రెండు పడవల మీద కాళ్ళు వద్దన్నమాట. ఈ అధికరణాలు మిగతా రాజ్యాంగం కంటె రెండు నెలలు ముందే, 1949 నవంబరు 26నే అమలులోకి వచ్చాయి.

సెంబవాంగ్ నౌకాస్థావరంలో పనిచేసిన మన తెలుగువారు, మలయా రబ్బరు తోటలనుంచి దిగివచ్చినవారు ఆ రోజుల్లో ఏ దేశపు మనుషులో వారికే సరిగా తెలియదు. అంతవరకు అందరూ బ్రిటిషు ప్రజలమే అనుకొన్నారు. 1957లో సింగపూరు పౌరసత్వ ఆర్డినెన్సు వచ్చేసరికి ఎటో ఒకవైపు తేల్చుకోవలసి వచ్చింది. కొందరు ఇక్కడి కాగితం తీసుకొన్నారు. కొందరు విశాఖ, శ్రీకాకుళం వైపు ఊళ్ళో ఉన్న పొలం గట్టు తలచుకొని భారత పాస్‌పోర్టు ఉంచుకొన్నారు. ఒకే ఇంట్లో అన్న ఇటు, తమ్ముడు అటు అయినవి ఉన్నాయి. ఇంట్లోని పాత రేకుపెట్టె తెరిస్తే మీకు ఏదో ఒక కాగితం కనబడుతుంది. దాని వెనక ఎనిమిది, తొమ్మిది అధికరణాల నీడ ఉంటుంది.

వయోజన ఓటు హక్కు విషయంలో ఆయన వైఖరి మాకు మరీ ఆశ్చర్యం. ఆస్తి, చదువు ఉన్నవారికే ఓటు అన్న కాలంలో పెరిగిన మనిషి, సర్ బిరుదు పొందిన మనిషి. చదువురానివారు కోట్లకొద్దీ ఉన్నారని తెలిసి కూడా, సామాన్యుని మీద నమ్మకముంచి అందరికీ ఓటు ఇచ్చామని 1949 నవంబరులో సభలో సంతోషంగా చెప్పుకొన్నారు. 1951-52లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలకు నమోదైన ఓటర్లు 17 కోట్ల పైచిలుకు. ప్రపంచం అంతవరకు అంత పెద్ద ఎన్నిక చూడలేదు.

ఇక ముందు చెప్పిన చిక్కు. మనిషి ప్రాణాన్ని, స్వేచ్ఛను ప్రభుత్వం ఎప్పుడు తీసుకోవచ్చు? అమెరికా రాజ్యాంగంలో ఉన్నట్టు న్యాయమైన పద్ధతిలో తప్ప తీసుకోరాదన్న అర్థం వచ్చే మాటలు 1947లో భారత ముసాయిదాలోనూ పెట్టారు. ఆ మాటలుంటే చట్టం చేసినంత మాత్రాన సరిపోదు. ఆ చట్టం న్యాయమైనదేనా అని జడ్జీలు పరీక్షించవచ్చు. రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావుగారు ఆ ఏడాది అమెరికా వెళ్ళి అక్కడి సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టర్ గారిని కలిశారు. ఎన్నికైన సభ చేసిన చట్టాన్ని కొద్దిమంది జడ్జీలు కొట్టివేయడం ప్రజాస్వామ్యం కాదని ఆయన హెచ్చరించారు. రావుగారు తిరిగి వచ్చాక ముసాయిదా సంఘం ఆ మాటలు తీసివేసి, చట్టం నిర్ణయించిన విధానం ప్రకారం తప్ప అన్న మాటలు పెట్టింది. ఇవి జపాను కొత్త రాజ్యాంగం నుంచి తీసుకొన్నవి. సంఘంలో మున్షీగారికి ఈ మార్పు ఇష్టం లేదు. అల్లాడి వారు మార్పు వైపు మొగ్గారు; తూకం అటు వాలింది.

1948 డిసెంబరులో సభలో పాత మాటలు తిరిగి పెట్టాలని పట్టుబట్టినవారు చాలామంది. అల్లాడి వారు మార్పును సమర్థించారు. ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. న్యూయార్కు రాష్ట్రం రొట్టెల దుకాణాల కూలీలకు రోజుకు పది గంటలకు మించి పని ఉండరాదని చట్టం చేస్తే, అమెరికా సుప్రీంకోర్టు 1905లో దాన్ని కొట్టివేసింది. రేపు భారతదేశంలో కూలీల కోసం, కౌలుదార్ల కోసం ప్రజల ప్రతినిధులు చట్టాలు చేస్తే ఐదారుగురు జడ్జీల సొంత అభిప్రాయాలు వాటికి అడ్డుపడరాదని ఆయన వాదం. అంబేద్కర్ గారు మాత్రం రెండు పక్కలా ప్రమాదముందని చెప్పి నిర్ణయం సభకే వదిలారు. సభ అల్లాడి వారి పక్షాన నిలిచింది.

ఫలితం తెలియడానికి రెండేళ్ళు కూడా పట్టలేదు. 1950లో కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ గారిని మదరాసు రాష్ట్రంలో విచారణ లేకుండా నిర్బంధంలో ఉంచారు. ఆయన సుప్రీంకోర్టుకు వెళితే, చట్టం ఉంది, విధానం ఉంది, ఇక అది న్యాయమైనదా కాదా మేము చూడనక్కరలేదని ఎక్కువమంది జడ్జీలు అన్నారు. ఫజల్ అలీగారు ఒక్కరు గట్టిగా విభేదించారు. ఆ ఒక్కరి దారికి మిగతావారు రావడానికి 28 ఏళ్ళు పట్టింది. 1978లో మేనకా గాంధీ పాస్‌పోర్టు కేసులో, విధానమంటే న్యాయమైనదీ సహేతుకమైనదీ అయి ఉండాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీసివేసిన మాటలు వెనక తలుపులోంచి ఇంట్లోకి వచ్చినట్టే అయింది. మన సింగపూరు రాజ్యాంగం తొమ్మిదవ అధికరణం కూడా చట్టప్రకారం తప్ప ఎవరి ప్రాణాన్నీ స్వేచ్ఛనూ తీసుకోరాదంటుంది. అక్కడ చట్టమంటే ఉత్త అక్షరాలు కావు, సహజన్యాయ సూత్రాలు కూడా అందులో చేరి ఉంటాయని లండను ప్రివీ కౌన్సిలు 1980లో చెప్పింది.

ఈ ఒక్క విషయంలో అల్లాడి వారి తూకం తప్పిందని మా అభిప్రాయం. పదిహేనేళ్ళు ప్రభుత్వం పక్షాన నిలబడి వాదించినవారికి, ప్రభుత్వం చేతిలో చిక్కిన ఒంటరి మనిషి వైపునుంచి చూడడం కష్టమై ఉండవచ్చు. జైలు చూసిన నాయకులు నిండుగా ఉన్న సభ కూడా దానికి ఒప్పుకొన్నదంటే తప్పంతా ఆయన ఒక్కరిదే అనడం ధర్మం కాదు. అయినా నూనె వర్తకుని పన్ను కేసు వేరు, మనిషిని గదిలో పెట్టి తాళం వేయడం వేరు.

ఎన్నికైనవారి మాటే చెల్లాలన్న ఆ నమ్మకమే మరొకసారి దేశానికి మేలు చేసింది. 1951 సెప్టెంబరులో హిందూ కోడ్ బిల్లు నడుస్తున్నప్పుడు, రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు మంత్రివర్గం సలహాతో పనిలేకుండా సొంత నిర్ణయం తీసుకోవాలని తలపెట్టి నెహ్రూగారికి రాశారు. ఆడపిల్లలకు ఆస్తిలో భాగం, విడాకుల హక్కు ఇచ్చే బిల్లు అది. నెహ్రూగారు ఇద్దరు వకీళ్ళ అభిప్రాయం అడిగారు: ఒకరు అటార్నీ జనరల్ సెతల్వాడ్ గారు, రెండోవారు అల్లాడి వారు. రాష్ట్రపతి మంత్రుల సలహాకు కట్టుబడవలసిందేనని ఇద్దరూ చెప్పారు. పురోహితుని ఇంట పుట్టిన పెద్దమనిషి, బిల్లు తనకు నచ్చిందా లేదా అన్న ప్రశ్న జోలికి పోకుండా, అడిగినదానికి సమాధానం రాసి పంపారు. 1976లో ఆ సంగతినే రాజ్యాంగంలో స్పష్టంగా చేర్చారు.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. కోర్టు వదిలి ఉద్యమంలోకి వెళ్ళిన ప్రకాశంగారు మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. పుదూరు ఉన్న నెల్లూరు జిల్లా మదరాసునుంచి విడిపోయి కొత్త రాష్ట్రంలో చేరింది. రెండు రోజుల తర్వాత, అక్టోబరు 3న అల్లాడి వారు కన్నుమూశారు.

కుమారులలో అల్లాడి కుప్పుస్వామి గారు 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. మరొక కుమారుడు రామకృష్ణన్ గారు కోర్టు వైపు వెళ్ళకుండా భౌతికశాస్త్రం పట్టుకొన్నారు. తండ్రి తన తండ్రి పేరు పెట్టుకొన్న మైలాపూరు ఇల్లు ఏకామ్ర నివాసంలోనే విద్యార్థులను కూర్చోబెట్టి పాఠాలు, చర్చలు నడిపారు. 1960లో నీల్స్ బోర్ గారు ఆ ఇంటికి వచ్చారు. 1962లో మదరాసులో గణితశాస్త్ర సంస్థ వెలిసింది, రామకృష్ణన్ గారు దానికి మొదటి డైరెక్టరు. ఆయన కుమారుడు, తాతగారి పేరే పెట్టుకొన్న కృష్ణస్వామి అల్లాడి గారు, అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో గణితం బోధించారు.